నూట ఎనిమిది కుట్లు

బంతికి నూట ఎనిమిది.
ఎర్రదారం, రెండు సూదులు,
మోకాళ్ళ మధ్య బిగించిన చెక్క.
మా షిగెనో అవ్వకి అక్షరం ముక్క రాదు,
లెక్క మాత్రం తప్పదు.
ఎవరైనా పలకరిస్తే కనుబొమ్మతో ఆగమంటుంది,
అరవై మూడు, అరవై నాలుగు,
దారం తెంపాకే మళ్ళీ మనలో పడుతుంది.

మొదటి ముడీ చివరి ముడీ
తోలు కిందికి తోసేస్తుంది.
ఎక్కడ మొదలైందో ఎవరికీ కనపడకూడదట.
కనపడితే
కంపెనీ వాడు ఆ బంతికి కూలి కట్టడు.

తోలు మా ఏటిది.
ఇచికవా నీళ్ళలో పచ్చితోళ్ళు నానేసి
ఉప్పూ నూనే పట్టించి
మగాళ్ళు కాళ్ళతో తొక్కి తొక్కి
మీగడ రంగు తెప్పించేవాళ్ళు.
బడి అద్దరిన.
గాలి అటు మళ్ళిన రోజు
మాస్టారు కిటికీలు మూయించేవాడు,
మా బల్ల వైపు చూడకుండా,
ఎంతో మర్యాదగా.

ఆటల పీరియడ్లో మాత్రం
అందరి చేతుల్లోనూ మా అవ్వ బంతే.
మా అన్న కియోజి విసిరితే చప్పట్లు.
ఆటయ్యాక వంతెన దాటి ఒక్కడూ వచ్చేవాడు కాదు,
మొరిహికో తప్ప.
వాడు మా వంటింట్లో కూచుని పేగుల వేపుడు తిని
ఏట్లో మూడుసార్లు నోరు పుక్కిలించి
వాళ్ళమ్మ దగ్గరికి పోయేవాడు.

ఒసాకాలో కొలువు చేసిన నాలుగేళ్ళూ
ఎక్కడమ్మా మీది అంటే
కోట దగ్గర అనేదాన్ని.
అబద్ధం కాదు.
మా డాబా మీంచి తెల్లకోట కనపడుతుంది,
గోరంత.

పెళ్ళి కుదిరిన ఏడు
వాళ్ళు పంపిన మనిషెవడో
వంతెన మొగలో పొగాకు కొట్టు దగ్గర వాకబు చేశాడట.
కొట్టాయన ఏమీ అనలేదు.
బొటనవేలు మడిచి
నాలుగు వేళ్ళు చూపించాడు.
నాలుగు కాళ్ళ పశువు మీద బతికేవాళ్ళని.
వేలు చూపితే చాలు,
వెలి అని నోటితో అనక్కర్లేదు.

ఆ సంబంధం ఊసు మళ్ళీ రాలేదు.
పెళ్ళి కిమోనోని పిన్ని సగం ధరకి అమ్మేసి
నాకు తోలు కుట్టే మిషను కొంది.

ఇంటికొచ్చిన రోజు స్టేషన్లో తాత.
రైలు ఆగకముందే చెయ్యెత్తి ఊపుతున్నాడు.
ఆయన బొటనవేలు
నేను పుట్టకముందే తోలుగీసే కత్తికి పోయింది.
నాలుగే.
పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న చెయ్యే.
అక్కడే పెట్టె మీద కూలబడి
ఏడుస్తూ నవ్వాను, ఆపుకోలేక.
ఆయన బెంబేలెత్తి
జేబులోంచి నారింజ తీసి వలిచి పెట్టాడు
ఆ నాలుగు వేళ్ళతోనే.
ఇంట్లో అవ్వ తలెత్తలేదు.
నూట ఎనిమిదీ అయి దారం తెంపాక
"ఆకలా?" అంది.

నాకిప్పుడు యాభై ఎనిమిది.
ఆ మిషనే ఇంకా తిరుగుతోంది, బూట్లు కుడతాను.
మొన్న ఆదివారం కియోజి మనవరాలి ఆట చూడబోతే
గురితప్పిన బంతొకటి గెంతుకుంటూ
నా కాళ్ళ దగ్గర ఆగింది.

తీసి మట్టి తుడిచాను.
అవ్వ కుట్టింది కాదు, తెలుసు,
ఆమె పోయి ఇరవై రెండేళ్ళు.
ముడి కోసం గోటితో వెతికాను.
ఎంత లోపల దాచినా
తెలిసిన గోటికి తగులుతుంది.

పక్కావిడ వంగి చూసి
"ఎక్కడండీ మీది?" అంది.
కోట దగ్గర, నాలుక చివరిదాకా వచ్చింది.
"కవాగిషి" అన్నాను.
"వంతెన ఇవతల. తోళ్ళవాడ."
"ఓహో" అంది ఆవిడ.
ఆ ఓహోలో ఏముందో
నేను తవ్వి చూడలేదు.

టోపీ చేతపట్టుకుని
మెట్ల కింద ఎవరో కుర్రాడు.
"అమ్మమ్మా, బంతి..."

ఉండు నాయనా,
డెబ్బై ఒకటి దాకా వచ్చాను.