రాళ్ళలో రాళ్ళు

మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది.
నేను రాళ్ళలో రాళ్ళు ఏరుతున్నాను,
డాల్బీ ఊరి చివర రేకుల షెడ్డు ల్యాబులో,
పొద్దున ఏడింటికే ఫ్యాను వేడిగాలి విసురుతుంటే.

సన్నటి సందులు కోసిన ఇనప పలక ఒకటుంది నా దగ్గర.
రాయిని తిప్పి తిప్పి పెడతాను.
దూరిపోయిందా, అది చిప్ప.
రోలరు కింద అప్పడంలా విరుగుతుంది,
విరిగిన ముఖానికి తారు ఉండదు,
ఆ బోడి ముఖం వెతుక్కుంటూ వాన వస్తుంది.

"ఏటి గులక చవగ్గా వస్తోంది, చూడు" అని
లాక్లన్ దోసెడు రాళ్ళు బల్ల మీద పోశాడు.
పోసీ పోయగానే దొర్లాయి. రెండు కింద పడ్డాయి.
చిన్నప్పుడు అచ్చంగాయలకు ఇలాంటివే వెతికేదాన్ని,
గుప్పిట్లో ఒదిగేవి, ఎగరేస్తే నొప్పి పెట్టనివి.
ఒకటి జేబులో వేసుకుని
మిగతావి వద్దన్నాను.

మాటలతో ఒప్పుకోడని కారెక్కించాను.
ధాన్యం గోదాముల పక్క సిగ్నలు,
గొడ్ల లారీలు బుసకొట్టి ఆగే చోటు,
జనవరి ఎండ, నలభై రెండు.
ఏడేళ్ళ కిందట ఎవరో ఇక్కడ గుండ్రాళ్ళు కలిపారు.
తారు మెత్తబడగానే అవి
ఒకదాన్నొకటి పట్టుకోలేదు.
తప్పుకున్నాయి.
చక్రాల దారిలో రెండు కాలవలు, నడుమ ఉబ్బిన గట్టు.
లాక్లన్ వంగి కొలబద్ద దించాడు. ముప్పై రెండు మిల్లీమీటర్లు.
"కిందటి వానకి నోరీన్ వ్యాను జారింది ఇక్కడేనా" అన్నాడు,
నాతో కాదు.

క్వారీ నల్లరాయి వేరు.
ఇనప దవడల్లో ఒకసారి, కోను కింద ఇంకోసారి నలిగి
మూలలతో బయటికొస్తుంది.
పోస్తే కుప్ప నిలబడుతుంది.
పరవడం కష్టమే, రోలరు ఇంకో నాలుగు సార్లు తిరగాలి,
కుర్రాళ్ళు నన్నే తిడతారు.
తిట్టనీ. దూరపు కొండలు నునుపైతే అవనీ,
కాలికింది రోడ్డుకి గరుకే కావాలి.

సాయంత్రం హైవే నుంచి ఒక కోరు వచ్చింది,
పద్దెనిమిదేళ్ళ రోడ్డు, సోలెడు గిన్నెంత.
లోపలి రాళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి,
మూలకి మూల ఇరుక్కుని.
పైవరస మీద బొటనవేలు రాశాను.
నున్నగా తగిలింది.
ఏటికి వేల ఏళ్ళు పట్టే పని
టైర్లు ఎప్పుడు చేసేశాయో.

జేబులో గులక తీసి పక్కన పెట్టి
కళ్ళు మూసుకుని మళ్ళీ రాశాను.
ఏది ఏదో తెలియలేదు.

ఫారంలో "పైపొర గీకి మళ్ళీ వేయాలి" అని రాసి
లైటు ఆర్పబోతూ
గులకను ఎగరేసి, చేతిని బోర్లించాను.
ఎన్నేళ్ళయిందో,
నిలిచింది.