డబ్బింగ్

సినిమాల నేను మూడు సెకన్లున్న.
మొఖం కాదు, ఈపు.
మీదున్న అంగి హీరోది,
చెమట నాది.

ఖిలా వరంగల్, రాతికోట పడమటి దర్వాజ.
పొద్దుగాల ఆరింటికే వరుసగ నిలబెట్టిండ్రు మమ్ముల:
ఓదెలు రాజ్‌దూత్, ఇనాయత్ భాయ్ బుల్లెట్,
పోస్టాఫీసు మొగిలయ్య యెజ్డీ,
నా అరవైతొమ్మిది మాడల్ జావా.
దినానికి పన్నెండు వందలు, పెట్రోలు వాళ్లదే.
కథ డెబ్బైరెండుల నడుస్తదట.
బండ్లకు మేకప్ అక్కర్లేదన్నడు మేనేజరు.
మాకు అక్కరొచ్చింది.
మొగిలయ్య మీసానికి పూసిన నల్లరంగు
నాలుగు దినాలు పోలే,
మనుమరాలు దగ్గరికి రాలే.

హీరో పిలగాడు మంచోడే, చేతులెత్తి నమస్తే పెట్టిండు.
కిక్కు రాడు ఏడున్నదని అడిగిండు.
జావాకు గేరు రాడే కిక్కు రాడు,
లోపటికి నొక్కి ఎనుకకు తిప్పితే
అదే లేచి నిలబడ్తది.
పదిసార్లు తన్నిండు.
పదకొండోసారి అది తన్నింది.
ఐసుగడ్డ తెచ్చిండ్రు, కుర్చీ తెచ్చిండ్రు,
ఆఖరికి నా దిక్కు చూసిండ్రు.
"నువ్వు నడుపు పెద్దాయినా,
ఎనుకకు మాత్రం చూడకు."

చూడలే.
దర్వాజ మలుపు తిరుగుతుంటే
గోడలు నా బండి సప్పుడును
ఒకదానికొకటి అందిచ్చుకున్నయి.
పెనం మీద మక్కపేలాలు ఏగినట్టు
టపటప టపటప.
అదొక్కటి సాలనుకున్న.

హన్మకొండల మ్యాట్నీకి
ఇరవై రెండు టికెట్లు తీసుకున్నం.
దర్వాజొచ్చింది, అంగొచ్చింది,
నా ఈపొచ్చింది.
జావా నోరు తెరిచి
బుల్లెట్ గొంతుతోని మాట్లాడింది.
ఢగ్ ఢగ్ ఢగ్.
చీకట్ల ఇనాయత్ భాయ్ పొట్ట పట్టుకొని నవ్విండు,
"సూరత్ తేరీ, ఆవాజ్ మేరీ!"
మా ఇంటోళ్లు చప్పట్లు కొట్టిండ్రు.
ఒక్కరికన్న తెల్వలే.
ఆ రాత్రి లేచి, వాకిట్ల బండి కాడ
ఊకెనే కూసున్న.

రెండేండ్లకు మృదుల అనే పిల్లొచ్చింది,
ఒక్కతే, ఒక కెమెరా,
కుందేలు తోలు తొడిగిన మైకు.
పాత బండ్లోళ్ల మీద డాక్యుమెంటరీ అన్నది.
పైసలు లేవని ముందే చెప్పింది.
కాజీపేట డీజిల్ కాలనీ, ఓదెలు రేకుల షెడ్డు.
లోకోషెడ్డుల ముప్పై ఏండ్లు
ఇంజన్ల మీదికెల్లి అరిచి మాట్లాడిన ఓదెలు,
"పేరు చెప్పండి" అంటే
నోరు పడిపోయినోని లెక్క
దస్తి తీసి ట్యాంకు తుడిచిండు.
తుడిచిన కాడనే తుడిచిండు.
ఆ పిల్ల ఆపమనలే.
రెండు నిమిషాలు. సినిమాల అట్లనే ఉన్నది.

తర్వాత బండ్లు మాట్లాడాలె,
మనుషులు మాట్లాడొద్దన్నది.
మొదటిసారి గూడ్సు బండొచ్చింది.
యాభై ఎనిమిది డబ్బాలు పోయేదాంక ఆగినం.
రెండోసారి పక్కింట్ల కుక్కరు కూసింది.
మూడోసారి మొగిలయ్యకు దగ్గొచ్చింది.
నాలుగోసారి
జావా దాని గొంతుతోని అది మాట్లాడింది.
ఇనాయత్ భాయ్ టోపి తీసి చేతుల పట్టుకున్నడు,
ఎందుకో నేను అడగలే.

ఏడనో ఢిల్లీల చూపించిండ్రట,
అరవై మంది చూసిండ్రట.
పెన్‌డ్రైవ్ పోస్టుల వచ్చింది,
మొగిలయ్య సంతకం పెట్టిచ్చుకోని మరీ ఇచ్చిండు.

మొన్న శ్రావణంల బండి ఆగిపోయింది.
ములుగు రోడ్డు యాకూబ్‌ను పిలిస్తే
ముందుగాల ఎట్ల కొడ్తుండెనో చెప్పమన్నడు.
నోటితోని చెప్తే ఏమర్థమైతదని
పెన్‌డ్రైవ్ పెట్టి ఇనిపించిన.
కండ్లు మూసుకొని ఇన్నడు. మళ్ల పెట్టుమన్నడు.
"క్రాంకు బేరింగు పోయింది చాచా,
ఇది తీసిననాడే సగం పోయింది.
గింత గరగర మీకెవ్వరికి ఇనపడలేదా?"

ఇనపడ్డది.
దాని గొంతే గంత అనుకున్నం.