ఓటీ కాయితం

నా చేతికి ఊకుండుడు తెల్వదు.
ముసఫ్ఫాల, పైపుల యార్డు పక్కన
మూడో నంబరు పోర్టా క్యాబిన్ల
హాజరు రాసుకుంట కూసునేటోన్ని.
ఎవని జేబుల పెన్ను కనవడ్డా
మర తిప్పి దాని కడుపు చూడబుద్ధయితది.

మూతవడ్డ బ్యాంకుది ఒకటి దొరికింది.
బరువైన ఇత్తడి ఒళ్లు,
లోపల ఎండిపోయిన నాలుక.
కోరుట్ల బస్టాండు ముంగట కొన్న
ఐదు రూపాయల రీఫిల్ దానికి పట్టుతదా?
పట్టది. రెండు బియ్యపుగింజలంత పొడుగెక్కువ.
గడ్డం బ్లేడుతోని తోకకాడ కొయ్యాలె,
ఊపిరి బిగవట్టి, వంకర పోకుండ.
పొట్టిదైతే వెనుక అగ్గిపుల్ల ముక్క.
లొడలొడ ఆడితే ప్లంబరు టేపు ఒక్క చుట్టు.
రెండో చుట్టు చుడితివా, స్ప్రింగు అలుగుతది.

"మనం గూడ గింతే గదనే," అన్నడు పోశెట్టి
పై మంచం మీదికెళ్లి కాళ్లు ఊపుకుంట,
"మంచం గదే, నంబరు గదే, లోపలి మనిషే మారుతడు."
నోరు మూస్కొని టార్చి సక్కగ పట్టు, అన్న.
పోలికలు చెప్పేటోనికి
ఎగిరిపోయిన స్ప్రింగు కనవడది.

ఫోర్మన్ సుకుమారన్‌కు నల్ల పెన్ను ఉండె,
బామ్మర్ది పంపిందట. రాస్తే కాయితం గీరుకపోతది.
నేనే అడిగి తీసుకున్న, బాగుచేసి ఇస్తనని.
స్టోర్ల రోడెల్, ఫిలిప్పీన్సు పిలగాడు,
జపాను రీఫిల్ ఇచ్చిండు, నీలిది, సన్నది.
అగ్గిపుల్ల లేదు, టేపు లేదు,
దానికోసమే పుట్టినట్టు కూసుంది.
సుకుమారన్ మురిసి కరక్ చాయ్ తాపిచ్చిండు.
వారం తర్వాత మల్లొకసారి తాపిచ్చిండు.
రెండోది ఎందుకో నాకప్పుడు తెల్వదు.

జులై నెలాఖరు.
పొద్దటి హాజరు నా చేతిల, ఓటీ ఆయన చేతిల.
నలభై ఒక్కమంది గంటలు రాసిన కాయితం
పికప్ అద్దం కింద ఎండకు పెట్టి
హెడ్డాఫీసుల రెండు గంటలు కూసున్నడు.
వచ్చి చూస్తే కడిగిన పళ్లెం.
అచ్చేసిన పేర్లున్నయి, గీతలున్నయి,
గీతల నడుమ ఒక్క అంకె లేదు.

క్యాంపుల లొల్లి.
పోశెట్టి నోటిలెక్క అరవై రెండు గంటలు,
కరెంటు డ్రిల్లు కొందామని ఆగబట్టుకున్నయి.
జసీమ్ ఏం మాట్లాడలే. బూట్లు ఇడవకుండనే పన్నడు.
నన్నెవ్వడూ ఏమనలే,
ఆ పెన్ను కడుపుల చెయ్యి పెట్టింది నేనని
ఎవ్వనికి ఎరుక?

రోడెల్ చెప్పిండు చెవుల:
అది రుద్దితే పోయే సిరా అన్నా,
వేడికి చస్తది, మంచుకు లేస్తది.

అర్ధరాత్రి మెస్సుల, వంట మస్తాన్ వలిని బతిమాలి
బ్రెజిల్ కోడిపెట్టెల నడుమ పెట్టిన కాయితం,
ప్లాస్టిక్ కవర్ల, పీనుగును పండవెట్టినట్టు.
బియ్యం బస్తా మీద కూసొని
ఫజర్ బాంగు దాక ఫ్రీజర్ గురక విన్న.

తీసిన.
ముందుగాల జసీమ్ ముప్పై. లేత నీలం.
తర్వాత ఒక్కొక్కటే,
పొగమంచుల ఎదురొచ్చే మనుషుల లెక్క.
పోశెట్టి పేరుకాడ యాభై నాలుగు.
యాభై నాలుగేంది?
లైటు కింద పెట్టి చూస్తే
దాని కిందనే ఇంకొకటి, రుద్దిన మచ్చలకెళ్లి లేస్తున్నది,
అరవై రెండు.
జసీమ్ ముప్పై కింద ముప్పై ఏడు.
సచ్చిన అంకెలన్ని లేచినయి,
ఎండ సంపినయి, రబ్బరు సంపినయి,
సలికి తేడా తెల్వదు.

రెండో చాయ్ అప్పుడు సమజైంది.

ఇత్తడి పెన్నుతోని కొత్త కాయితం రాసిన.
కింది అంకెలే రాసిన, నలభై ఒక్కటి,
కోరుట్ల సిరా, ఎండకు జంకనిది.
పాతది మల్ల కోళ్ల నడుమనే పెట్టిన.

సుకుమారన్ చదివిండు. ఆఖరుదాక చదివిండు.
"ఎక్కడియి ఈ లెక్కలు?"
"ఫ్రీజర్ల ఉన్నయి సార్."
ఇంకేమనలే. ఏసీ నీళ్లు బకెట్ల పడుతున్నయి.
సంతకానికి జేబుల చెయ్యి పెట్టిండు, నల్ల పెన్ను కోసం.

నాది మర బిగించి ముంగట పెట్టిన.
"గీదాంతోని పెట్టుండ్రి సార్,
జర బరువుంటది."