రొట్టెల బండి ఇంజను

తెల్లారుజామున మూడింటికి లేచిన ఇంజను అది.
ఇరవై రెండేళ్లు ట్విన్ ఫాల్స్ వీధుల్లో
కొట్టుకొట్టుకీ ఆగి రొట్టెలు దింపింది.
వ్యాను తుప్పు పట్టి కూలబడింది గానీ
లోపలి నాలుగు సిలిండర్లూ చెక్కుచెదరలేదు.
మంచు కురిసే శనివారం, టార్పాలిన్ కప్పి
ట్రైలరు మీద ఎల్కోకి తెచ్చుకున్నాను.

"ఈ పాత ఫోర్డు మీద పోసిన డబ్బుకి
కొత్త బండే వచ్చేది కదా వకుళా"
అంది గని ల్యాబులో నా పక్క బల్ల జోలీన్.
నిజమే.
అందుకే రసీదులన్నీ కాఫీ డబ్బాలో వేసి మూత పెట్టేశాను.

పెట్రోలు ఇంజనుని గొలుసుకి కట్టి పైకి లాగాం.
అది నూనె కారుస్తూ గాల్లో ఒక్క చుట్టు తిరిగింది,
ఎవరైనా ఉండమంటారేమో అన్నట్టు.

గుండె మార్పిడి అంటారు అందరూ.
నాకలా అనిపించలేదు. ఇది పెళ్లి సంబంధం.
ఆ ఇంటి ఇంజనుకీ ఈ ఇంటి గేరుబాక్సుకీ
బోల్టు రంధ్రాలే కలవవు.
మధ్యన అంగుళం మందం అల్యూమినియం పలక,
పెళ్లిళ్ల పేరయ్య,
అటు మాట ఇటు, ఇటు మాట అటు సర్ది
ఇద్దరినీ ఒక తాటి మీదకి తేవాలి.
గోరంత తేడా వచ్చింది.
మూడు ఆదివారాలు ఆ గోరంతకే పోయాయి.

వెల్డింగు ఎచెవెరీది.
డెబ్భై నాలుగేళ్లు. మోకాళ్లు రెండూ అరిగాయి.
గొర్రెలు కాయడానికి సముద్రం దాటొచ్చిన
బాస్కు కాపరి మనవడు.
కూలి అడగలేదు, ఒక్కటే అడిగాడు.
పైన రూబీ కొండల్లో, ఆస్పెన్ తోపులో
వాళ్ల తాత చెట్టు మీద పేరు చెక్కుకున్నాడట
పంతొమ్మిది వందల పదకొండులో, కత్తిమొనతో.
"నా మోకాళ్లు అంత దూరం రావు.
నీ బండి వస్తుందేమో."

కొత్త బరువుకి ముందు స్ప్రింగులు కుంగాయి,
పట్టీ మీద పట్టీ వేశాం.
రేడియేటరు ముందుకి జరిపాం,
డ్రైవ్ షాఫ్టు కోసి మళ్లీ అతికించాం.
గాలి ఫిల్టరు విప్పితే
మడతల్లో గట్టిపడిన పిండి.
ఎచెవెరీ వేలితో గీకి నాలిక్కి రాసుకుని
"గోధుమ" అన్నాడు, రోగం పేరు చెప్పే డాక్టరులా.

తాళం తిప్పాను.
పూనకం.
షెడ్డు రేకులు, సీసాలో మేకులు, నా పళ్లు
అన్నీ ఒకే తాళం.
అద్దంలో వెనకాల లోకం రెండుగా కనబడింది.
దీని జాతే అంత, వణుకు పోదు అన్నాడు
చెవిలో అరుస్తూ.

జూన్లో మంచు కరిగాక బయల్దేరాం.
రాళ్లు ఎక్కింది, వాగు దిగింది,
తోపు మైలు దూరం ఉందనగా
ఆగింది.
కొట్టు లేదు, వీధి లేదు,
రొట్టె కావాలన్న మనిషి లేడు.
పాత అలవాటేమో అన్నాను.
"గాలి చొరబడింది" అన్నాడు ఎచెవెరీ, నవ్వకుండా.
పందొమ్మిదో నంబరు స్పానరుతో
ఇంజెక్టరు గొట్టాల నట్లు ఒక్కొక్కటీ వదులు చేశాడు.
నేను తాళం తిప్పినప్పుడల్లా
ముందు బుస్సుమని గాలి, తర్వాత నురగ,
ఆ తర్వాత తేటగా డీజిలు, అతని ఆదివారం చొక్కా మీద.

మళ్లీ ఆపడానికి భయమేసి
నడుస్తున్న ఇంజనుని అలాగే వదిలి దిగాం.

చెట్టు లావెక్కింది.
అక్షరాలూ దానితో పాటే ఒళ్లు చేసి
నల్లగా ఉబ్బి, వెడల్పయి,
ఎవరి పేరో చెప్పలేనట్టున్నాయి.
అతను వేళ్లతో చదివాడు. చాలాసేపు.
ఒక అక్షరం దాటి మళ్లీ వెనక్కొచ్చాడు.
ఏమని ఉందో నేను అడగలేదు.

పైన ఆకులు వణుకుతున్నాయి,
గాలికో, వాటి జాతే అంతో,
కింద నా రొట్టెల బండి మోతకో.
డీజిలు ముల్లు పావు దగ్గరుంది.
చూశాను గానీ, చెప్పలేదు.