ఏడు చెంచాల ఉప్పు

లియెపాయాలో గాలి మూడు రోజులు ఊళలు పెట్టి
నాలుగో తెల్లవారుజామున గొంతు పోగొట్టుకుంది.
గాలి పడిపోయిందంటే సముద్రం ఏదో ఒకటి కక్కుతుంది.
రబ్బరు బూట్లు తొడుక్కుని వెళ్తాను,
నాచు కుప్పల్ని కోడిలా కెలుకుతాను.
ముప్పై ఒక్క ఏళ్లు ట్రామ్ నడిపినదాన్ని,
ఊరికున్న ఒక్క లైను మీద, ఆ చివర నుంచి ఈ చివరకు.
పట్టాలు లేని చోట నడవడం
నా మోకాళ్లకు ఇంకా అలవాటు కాలేదు.

పచ్చగా మెరిసిందల్లా జేబులో వేసుకోకూడదు.
చేతిలో రేకు డబ్బా ఉండాలి, అందులో తడి ఇసుక.
పాత యుద్ధం ఈ నీళ్లలో మరిచిపోయిన భాస్వరం
అచ్చం అంబరులాగే ఉంటుంది.
తడిగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది,
ఆరితే అంటుకుంటుంది.
ఇల్‌గ్వర్స్ తొడ మీద ఇప్పటికీ ఉంది
అరచెయ్యంత మచ్చ,
పెళ్లికి ముందు నాకోసం ఏరిన మొదటి రాయి.
"ఉంగరం చేయిద్దామనుకున్నా" అన్నాడు ఆసుపత్రిలో.
మళ్లీ ఆ మాట ఎత్తలేదు,
ఇసుకలో కాలు పెట్టలేదు.

వంటగదిలో గాజు గ్లాసు, గోరువెచ్చని నీళ్లు,
ఏడు చెంచాల ఉప్పు.
తేలితే అంబరు.
మునిగితే మామూలు రాయి, సీసా పెంకు,
కాకపోతే అది.
మునిగినవాటిని నీళ్లతోనే మూతపెట్టి
ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేస్తాను.
అక్కడి కుర్రాడు "స్కైద్రీతె గారా, మళ్లీనా" అంటాడు.

ఇక బల్ల నాది.
రొట్టె కోసే చెక్క మీద పాత తువ్వాలు,
నాలుగు వందల నంబరు గరుకు కాగితం,
తర్వాత వెయ్యి, తర్వాత రెండు వేలు,
అన్నీ నీళ్లలో ముంచి, రాయిని వేడెక్కనివ్వకుండా.
పైన ఉప్పు తిన్న బూడిదరంగు పొర.
అరగదీస్తూ ఉంటే మధ్యాహ్నానికి
లోపల ఎవరో లైటు వేసుకుంటారు.
చివర్న పళ్లపొడి, చిరిగిన ఉన్ని మేజోడు.
తృణమణి కదా,
రుద్ది దగ్గరకు తెస్తే
చీపురు పుల్లలోని నలుసు కూడా గభాలున వచ్చి అతుక్కుంటుంది.

చిల్లు పెట్టడమే కష్టం.
బరమాతో ఇటు నుంచి సగం,
తిప్పి అటు నుంచి సగం,
రెండూ నడుమ కలవాలి.
కలిసినప్పుడు వేలికి తెలుస్తుంది, చెవికి తెలియదు.
ఇల్లంతా గుగ్గిలం వాసన.
కలవకపోతే పూస రెండు చెక్కలు.
అలాంటివి జాడీ నిండా ఉన్నాయి.

పై వాటా విజ్మ అడిగింది,
"అమ్మితే గంటకెంత గిట్టుతుంది?"
లెక్కేసి చూశాను. ట్రామ్ టికెట్టు కూడా రాదు.
ఎందుకో నవ్వొచ్చి
ఆ పూట ఇంకో రెండు పూసలు నున్నగా చేశాను.

మొన్న దారం దగ్గర ఆగిపోయాను.
పూసకూ పూసకూ నడుమ ముడి పడాలి,
తెగితే ఒక్కటే రాలాలి, దండంతా కాదు.
నా కీళ్లనొప్పుల వేళ్లకు
ముడి పూసను ఆనకుండా ఎక్కడో దూరంగా బిగుసుకుంటుంది.
నాలుగుసార్లు విప్పాను, ఐదోసారి తిట్టాను.
రేడియో దగ్గర నుంచి ఇల్‌గ్వర్స్ లేచొచ్చాడు.
వలలు అల్లిన చేతులు.
ముందు ఒక్కో పూసనూ మళ్లీ ఉప్పునీళ్లలో వేశాడు,
నేను తేల్చినవే, నేను చిల్లు పెట్టినవే.
నేనేమీ అనలేదు.
తేలినదాన్ని తీసి పెదవికి ఆనించి చూశాడు,
రాయిలా చల్లగా లేదు కదా అని.
అప్పుడు ముడిలో సూది పెట్టి జరిపాడు,
పూస గొంతు దగ్గర టక్కున ఆగింది.

పదిహేడు పూసలు, పద్దెనిమిది ముళ్లు.
అయ్యేసరికి రేడియోలో వాతావరణం.
పడమటి గాలి, రాత్రికి పెరుగుతుందట.
దండ నా మెడలో వెయ్యలేదు.
బల్ల మీదే వదిలి, జాడీలో చెయ్యి పెట్టి
పగిలిన సగం పూస ఒకటి తీసి
జేబులో వేసుకోబోయి,
ఆగి,
రేకు డబ్బా ఎక్కడుందని అడిగాడు.