కొండెక్కిన బల్బు

ఇరవై మూడు రోజులుగా వాన.
కప్పు మీది సోలార్ పలకలు
కడిగి బోర్లించిన కంచాలు.

మెట్ల కింద ఎనిమిది బ్యాటరీలు
గొర్రెబొచ్చు దుప్పటి కప్పుకుని ఉన్నాయి.
మీటరు పదకొండు పాయింట్ ఏడు అంటోంది.
ఓతిలియా లెక్కలో
ఇంకొక్క సాయంత్రానికి సరిపడా మాట.

చిలీ దేశపు తోక చివర
ముక్కలైన నేలలో ఒక ముక్క మీద
రోజూ ఏడింటికి ఆమె రేడియో అందుకుంటుంది.
"వాయవ్యపు గాలి. చీకటి పడ్డాక ముదురుతుంది.
జలసంధి ఎవరూ దాటొద్దు."
పద్నాలుగు పడవలు వింటాయి.
మూడో నాలుగో బదులు పలుకుతాయి.
మిగతావి లంగరు దించుతాయి, అదే బదులు.

కొట్టంలో ఇంజను ఉంది,
పడవ మునిగినా తాను మునగని
ఒంటి సిలిండరు మొండిఘటం.
దానికి బెల్టుతో తగిలించిన ఆల్టర్నేటర్
పెద్ద ద్వీపంలో తుక్కుకి అమ్మేసిన అంబులెన్సుది.
బిగించింది మేనల్లుడు నోల్బెర్తో.
బిగిస్తూ చెప్పాడు:
"ఇది చిల్లర అప్పులు తీర్చడానికి పుట్టింది, అత్తా.
ఇంజను లేవడానికి వాడుకున్న చిటికెడు కరెంటు
తిరిగి పెట్టేసి చేతులు దులుపుకుంటుంది.
ఎనిమిది ఆకళ్లు ఒక్కసారి మీద పడితే
ఒళ్లు కాల్చుకుంటుంది.
నెమ్మదిగా తిప్పడం దయ అనుకోకు,
లోపలి రెక్కలకి గాలి చాలక
ఇంకా మాడుతుంది."

ఇవాళ నాలుగింటికి ఇంజను లేచింది.
మీటరు లేవలేదు.
బెల్టు నొక్కి చూసింది, బిగువుగానే ఉంది.
తీగలు కదిపింది, పచ్చబారిన కొసలు గీకింది.
ఇంజను ఊరికే అరుస్తోంది,
మజ్జిగ లేని కుండలో కవ్వం.

అప్పుడు చూసింది
చెక్క మీది ఎర్ర బల్బు మాడిపోయి ఉంది.
దాని గుండా పోయే ఆ కాస్త కరెంటే
ఆల్టర్నేటర్‌కి తోడు.
కరెంటు పుట్టడానికీ ముందు కాస్త కరెంటు కావాలి.
కడవెడు పాలుండీ తోడుచుక్క లేకపోతే
తెల్లారేసరికి మిగిలేది పాలే, అవీ విరిగి.

ఇంజను ఆపింది.
ఇంట్లో అలాంటి బల్బు ఇంకొకటే ఉంది,
మరియమాత పాదాల దగ్గర, నీలంది, మూడు వాట్లు.
"నువ్వు చీకట్లోనూ చూస్తావుగా" అంది ఓతిలియా,
క్షమించమనో, సాకుగానో.
విప్పే చెయ్యి మాత్రం తడబడలేదు.

కొట్టంలో నీలం వెలిగింది.
పిడి తిప్పింది. దగ్గు. మళ్లీ తిప్పింది.
ఇంజను అందుకుంది.
బల్బు మసకబారి
ఆరింది.

మా భాషలో దీపం ఆరిందనం,
కొండెక్కిందంటాం,
ఆ మాట అనడానికి నోరు రాక.
ఇక్కడ కొండెక్కడమే శుభం.
తోడుకుంది, ఇక చుక్క అక్కర్లేదని
యంత్రం చెప్పే తీరు అది.

పన్నెండు పాయింట్ తొమ్మిది.
పదమూడు పాయింట్ నాలుగు.
కాలిన వార్నిష్ వాసన, వాన వాసన.
మొదట గుటకలు వేశాయి బ్యాటరీలు,
ఆ తర్వాత చంటిపిల్లల ఆఖరి ముద్దలా
నోట్లో పెట్టుకుని మింగవు.
ఆ ముద్ద కోసం గంటలకొద్దీ డీజిలు కాల్చలేదు ఆమె.
ఎప్పుడైనా ఎండ వస్తే
అది బుజ్జగించి తినిపించాలి.

ఏడయింది.
"వాయవ్యపు గాలి..."
ఆమె గొంతు వెనక ఇంజను దడదడ.
"ఆ చప్పుడేంటి, ఓతిలియా?" ఒక పడవ అడిగింది.
"నువ్వు విను ముందు" అంది.

అంతా చెప్పాక, మీట వదలకుండానే:
"నోల్బెర్తో, వింటున్నావా?
గురువారం వచ్చేటప్పుడు బల్బులు. మూడు వాట్లవి.
రెండు.
కాదు, మూడు తే."