ఒక్క మాట వేషం

పబ్లిక్ గార్డెన్ హాలు బయట
చాయ్ బండి కాడ నిలబడ్డ.
మీసం ఊడబీకిన చోట ఇంకా మండుతాంది.
నన్నెవలు గుర్తుపట్టలే.

యాభై ఏండ్ల సంది ఎవలూ ఆడని నాటకం.
తెర దించి పావుగంట గాలే,
అప్పుడే తీర్పులు, వేడివేడిగ.

"మూడో అంకం మొత్తం మింగిండ్రు" అన్నడు తిరుమలయ్య సారు.
చేతిల నాటకం పుస్తకం, అట్ట ఊడింది,
పద్యం పద్యానికి పెన్సిల్ గీతలు.
"రాజు ఒక్క రాగం తీసేసరికి
కాజీపేటల రెండు ప్యాసింజర్లు పోయినయ్"
అన్నడు ఇంకొకడు.
వాడు నవ్వంగ నేనూ నవ్విన,
రాజు నా మేనమామే అయినా.

ఇంటర్ పిల్ల ఒకతి, స్కూటీ తాళం తిప్పుకుంట:
"రాణి తలుపు తియ్యకపోవుడే కరెక్ట్."
వాళ్లమ్మ: "తీస్తే ఏం పోయేది?"
ములుగు రోడ్డు దాకా అదే పంచాయితీ
నడిచి ఉంటది.

కావలివాడి ముచ్చట ఎవలూ తియ్యలే.
నాకున్నది ఒక్కటే మాట:
"తలుపు మూసే ఉంది, ప్రభూ."
రెండు నెలలు అదే అనుకున్న,
స్నానంల, బస్సుల, రేషన్ లైన్ల.

ఆజంజాహి మిల్లుల పనిజేసిన సారంగం తాత
సాసర్ల చాయ్ ఊదుకుంట అన్నడు:
"నాటకం నాకు సగం ఎక్కలే బిడ్డా.
గని ఆ బల్లెం పట్టుకున్నోడు...
మిల్లు గేటు కాడ మాకు గూడ
గట్లనే చెప్పిండొకడు.
మా మొఖం జూడకుంట."

నేను జూడలే, నిజమే.
రాజు కండ్లల్లకు జూసి చెప్పమన్నడు డైరెక్టరు.
నేనే మరిచిన.

తాత చాయ్ పైసలు గూడ ఇద్దామని
జేబుల చెయ్యి పెడితే
మీసం చేతికొచ్చింది.